కుర్చీ తిప్పిందెవరు

కుర్చీ రావడానికి ఇంకా నలభై నిమిషాలుంది. అంతదాకా ఈ చీకట్లో, ఈయన పక్కన, ఏమీ ఎరగని దానిలా కూర్చోవాలి. ఉదయం పదిగంటల ఆట. ఆట అంటే టిక్కెట్లమ్మే ఆట కాదు, పాత సినిమాను కడిగి తుడిచి గీతలన్నీ పోగొట్టారట, ఒకసారి చూసి పొమ్మని మా డైరెక్టరుగారి కూతురు యాభైమందిని పిలిచింది. దీపాలు ఆర్పకముందే అన్నీ చూసి పెట్టుకున్నాను. ముందు వరసలో కాలేజీ పిల్లలు ఎనిమిది మంది, అందులో ఒకమ్మాయి జుట్టు కుడిభుజం మీదుగా వేసుకుంది. మా వరసలో మూడో సీటుకి చేతివాలు ఊడిపోయింది. తలుపు పక్కన మంటలార్పే ఎర్ర సిలిండరు, దాని చీటీ మీద తేదీ దాటిపోయింది. ఈయన జేబులో కలం లేదు. ఇంట్లో బయల్దేరినప్పుడు ఉంది, గుమ్మం దగ్గర సంతకాల పుస్తకంలో రాసినప్పుడూ ఉంది, ఇప్పుడు లేదు. ఎవరికిచ్చారో.

అలవాటు పోదు. ఇరవయ్యారేళ్ళు సినిమాల్లో కంటిన్యుటీ చూసినదాన్ని. అంటే, ఒక షాట్‌లో హీరో ఎడమచేతికున్న గడియారం తర్వాతి షాట్‌లో కుడిచేతికి పాకకుండా, సగం తాగిన గ్లాసు దానంతటది నిండకుండా, కాలిన కొవ్వొత్తి మళ్ళీ పెరగకుండా కాపలా కాసే పని. మోకాళ్ళ మీద పుస్తకం, చెవి వెనక పెన్సిలు. పేరేదైనా చేసిన పని అనుమానించడమే, నేను కన్ను తిప్పగానే లోకం మారిపోతుందని నమ్మినందుకే నాకు జీతమిచ్చారు. రిటైరయ్యాక జీతం ఆగింది గానీ నమ్మకం ఆగలేదు. అనుమానం పెనుభూతం అంటారు, మరి ఈ భూతాన్ని ఇన్నేళ్ళు మేపినదాన్ని ఒక్కరోజులో ఎక్కడికని తోలేయను.

తెరమీద ఆమె ఇంట్లోకి వచ్చింది. ఒంటరి మనిషి, చేతిలో పెట్టె, పాడుబడ్డ పెద్ద ఇల్లు. పెట్టె ఎడమచేతిలో. గుమ్మం దాటాక కూడా ఎడమచేతిలోనే. బాగుంది. గీతలు తుడిచేసరికి గోడల పెచ్చులు కూడా కనిపిస్తున్నాయి, ఆ పెచ్చులు వేసింది ఈయనే, సెట్ అసిస్టెంటుగా ఆ బల్లలూ కుర్చీలూ తెచ్చి పెట్టిందీ ఈయనే, అప్పటికి మాకు పెళ్ళి కాలేదు, మాటలు కూడా "కొంచెం జరగండి", "ఇది ఇక్కడేనా" వరకే. కాసేపట్లో దెయ్యం వస్తుంది. ఆ దెయ్యానికి రోజూ నాలుగు గంటలు మేకప్ వేసేవాళ్ళు, తెల్లటి మొహం, పొడుగాటి గోళ్ళు, పాపం ఆ నటి గోళ్ళు ఊడొస్తాయని భోజనం కూడా ఒకరు తినిపిస్తే తినేది. వచ్చింది. చూశారా, పిల్లలు నవ్వుతున్నారు. అప్పట్లోనూ నవ్వారు. మధ్యలోకొచ్చి నిలబడి కళ్ళురిమే దాన్ని చూసి ఎవరు భయపడతారు, దాని సంగతి తెలిసిపోయింది కదా, ఎంత పొడుగుందో ఎన్ని గోళ్ళున్నాయో లెక్క తేలిపోయింది కదా. ఈ సినిమాను ముప్ఫై రెండేళ్ళు బతికించింది దెయ్యం కాదు, కుర్చీ.

కుర్చీ ఏం చేస్తుందంటే, ఏమీ చెయ్యదు. ఆమె బల్ల దగ్గర దీపం కింద ఉత్తరం చదువుకుంటూ ఉంటుంది. వెనక చివర కుడిమూలన ఒక చెక్కకుర్చీ, మొహం గోడకి తిప్పి ఉంటుంది. తర్వాత ఆమె వేళ్ళూ ఉత్తరమూ దగ్గర్నుంచి. మళ్ళీ గదంతా. అదే బల్ల, అదే దీపం, ఆమె అలాగే చదువుతోంది, మూలన కుర్చీ మాత్రం ఇటు తిరిగి ఉంటుంది. సంగీతం లేదు, చప్పుడు లేదు, ఆమె చూడదు, ఎవరూ చెప్పరు. చూసినవాడు చూస్తాడు, చూసినవాడి ఒళ్ళు జల్లుమంటుంది, పక్కవాడి మోచెయ్యి పట్టుకుని "చూశావా?" అంటాడు, పక్కవాడు "ఏం చూశాను?" అంటాడు, వాడు మర్నాడు మళ్ళీ టిక్కెట్టు కొంటాడు. ఇళ్ళకెళ్ళి జనం కుర్చీలు గోడలకి ఆనించి పడుకునేవాళ్ళట. భయమనేది బొమ్మ మధ్యలో ఉండదు, అంచున ఉంటుంది. మనం ముఖ్యమనుకున్న చోట కళ్ళప్పగించి కూర్చున్నప్పుడు ముఖ్యం కాదనుకున్న చోట ఎవరో ఏదో చేసిపోతారు, ఎవరో తెలీదు, ఎందుకో తెలీదు, ఆ తెలియకపోవడాన్ని మనిషి ఇంటికి మోసుకెళతాడు. డైరెక్టరుగారు దీని మీద చాలాచోట్ల చాలా గొప్పగా మాట్లాడారు. పోయారు, మహానుభావుడు, ఆయన్ని ఏమీ అనకూడదు. కానీ ఆ కుర్చీ ఆయన పెట్టింది కాదు. నా తప్పు.

ఆట మొదలయ్యే ముందు ఆయన కూతురు నా పక్కకొచ్చి వంగింది. "ఆంటీ, ఆ కుర్చీ నాన్నగారు కావాలని చేసిందా, పొరపాటా? పొరపాటైతే ఇప్పుడు చిటికెలో సరిచేసేస్తారు. కావాలనే అయితే ముట్టుకోం. ఆ సెట్‌లో ఉన్నవాళ్ళలో మిగిలింది మీరిద్దరే. ఆట అయ్యాక చెప్పండి." ఈయన సూటిగా తెరవైపు చూస్తూ కూర్చున్నారు, అమ్మాయి తన భుజానికి జానెడు దూరంలో నిలబడి మాట్లాడుతుంటే తలైనా తిప్పలేదు. విననట్టు నటన. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకునేవాడు తెలివితక్కువ దొంగ, తెలివైన దొంగ ఇలాగే కూర్చుంటాడు.

ముప్ఫై రెండేళ్ళుగా అడుగుతున్నాను. "ఆ కుర్చీ తిప్పింది మీరేనా?" ముప్ఫై రెండేళ్ళుగా ఒకటే జవాబు. "నేనెందుకు తిప్పుతానే. దెయ్యం తిప్పింది." కాపురం మొదట్లో ఇది సరసం. తర్వాత్తర్వాత నాకు ఎక్కడో ముల్లులా ఉండిపోయింది. చిన్నదానికే అబద్ధం చెప్పగలిగిన మనిషి పెద్దదానికి చెప్పడా? ఇప్పుడు ఆ పెద్దదే నడుస్తోంది. ఇవాళ ఇల్లు చేరేలోపు తేలిపోవాలి. మంచం కింద బ్యాగు సర్ది పెట్టాను, నాలుగు జతల బట్టలు, మందులు, బ్యాంకు పుస్తకం. పొద్దున్న ఆయన "ఆలస్యమైపోతోంది" అని కేకేసేసరికి కాలితో తోసి వచ్చేశాను, సగం లోపలికి పోయింది, సగం ఆయన పడుకునే వైపు బయటే ఉంది. చూస్తే చూడనీ. చెల్లెలికి ఫోన్ చేసి వస్తున్నానని కూడా చెప్పాను. అది నవ్వింది. "బావగారికి అరవై నాలుగు, అక్కా. ఆయన వెనక ఇప్పుడెవరు పడతారే?" పడేవాళ్ళకి వయసుతో పనేముంది, నేను పడలేదా.

నవ్వడం కాదు, లెక్కచూడమనండి. ఆరునెలలుగా రాస్తున్నాను, పాత అలవాటే, అదే రకం గీతల పుస్తకం, వంటింట్లో పిండిడబ్బా వెనక దాచాను. నడవాలో ఎప్పుడూ ఉండే ముక్కాలిపీట గదిమూలకి వెళ్ళిపోయింది. ఎందుకండీ అంటే "అడ్డంగా ఉంది" అన్నారు. ఇరవయ్యేళ్ళు అడ్డం లేనిది ఇప్పుడెవరి నడకకి అడ్డమొచ్చింది? కాఫీకప్పు బల్లమీద ఎక్కడపడితే అక్కడ పెట్టే మనిషి, ఇప్పుడు సరిగ్గా మొహానికెదురుగా, రెండు చేతుల మధ్య పెట్టుకుని, దాన్ని ఎవరో ఎత్తుకుపోతారన్నట్టు చూస్తూ తాగుతున్నారు. స్కూటరు అమ్మేశారు, నాకు మాటమాత్రం చెప్పకుండా, అమ్మాక చెప్పారు. ప్రతి రెండో మంగళవారం పదింటికి వెళ్ళి ఒంటిగంటకి వస్తారు, పాత స్నేహితుడట. ఆ స్నేహితుడింటి నుంచి నల్లకళ్ళద్దాలు పెట్టుకుని వస్తారు! ఈ వయసులో నల్లకళ్ళద్దాలు. ఇంట్లోకొచ్చాక కూడా తియ్యరు, నా మొహంలోకి చూడాలంటే మొహం చెల్లక కాబోలు. వాష్‌బేసిన్ కింద గోరంత తెల్లటి మూత దొరికింది, నాది కాదు, మా ఇంట్లో ఏ సీసాకీ సరిపోలేదు, అన్నిటికీ పెట్టి చూశాను. సెంటుసీసాదే అయుంటుంది. పుస్తకంలో రాశాను: మూత, తెలుపు, పరాయిది.

ఇక పై వాటాలో కుట్టుమిషనావిడ సంగతి. నేనే కళ్ళారా చూశాను, మెట్ల దగ్గర పక్కనుంచి వెళుతూ ఆవిడ "బాగున్నారా అన్నయ్యగారూ" అంది, ఈయన గోడని చూసినట్టు చూసి వచ్చేశారు. కొత్తవాళ్ళని కూడా ఆపి పలకరించే మనిషి! బొత్తిగా తెలియనివాళ్ళని పలకరించడానికి మనకేం భయం, మరీ తెలిసినవాళ్ళనే తెలియనట్టు నటిస్తాం. పైగా నేను వంటింట్లో ఆయన పక్కన నిలబడితే ఉలిక్కిపడుతున్నారు. తప్పు చెయ్యనివాడు సొంత పెళ్ళాన్ని చూసి ఎందుకు ఉలిక్కిపడాలి. అన్నిటికన్నా పెద్ద సాక్ష్యం ఈ చెయ్యి. వీధిలో నడుస్తుంటే నా చెయ్యి పట్టుకుంటున్నారు. పెళ్ళైన కొత్తలో పట్టుకోనివాడు, పురుడొచ్చినప్పుడు కూడా వరండాలో చేతులు వెనక్కి కట్టుకుని పచార్లు చేసినవాడు, ఇప్పుడు రోడ్డెక్కగానే చెయ్యి వెతుక్కుంటున్నాడు. మగాడు ఉన్నట్టుండి పెళ్ళాం చెయ్యి పట్టుకున్నాడంటే ఏదో చేసొచ్చాడనే అర్థం. అయినా విడిపించుకోను. అది నా వెర్రి. విడిపించుకోవాలని అనుకుంటూనే వేళ్ళు ఇంకొంచెం దగ్గరికి జరుపుతాను, ఆ మాట పుస్తకంలో రాయలేదు.

ఈ హాలు మెట్లు దిగేటప్పుడు కూడా పట్టుకున్నారు. తెరమీద ఆమె దీపం వెలిగించింది. కుర్చీ వచ్చే వేళ దగ్గరపడింది. ఏటా ఒకసారి చూస్తున్నదే అయినా సీట్లో ముందుకి జరిగాను. ఆరోజు మధ్యాహ్నం భోజనాల తర్వాత, ఉత్తరం షాట్ దగ్గర్నుంచి తీయడం అయిపోయింది, మళ్ళీ గదంతా తియ్యాలి, డైరెక్టరుగారు "అంతా సరిగ్గా ఉందా?" అని అరిచారు. తలెత్తి మూలమూలా చూసుకుని ఉందని చెప్పాలి నేను. తలెత్తాను. ఎత్తితే దీపాల స్టాండు పక్కన ఈయన నిలబడి నన్నే చూస్తున్నారు, నుదుటిమీద సున్నం మరక, నేను చూడగానే చూపు తిప్పుకోలేదు, నేనే దించేసుకున్నాను, మొహం మండిపోయింది, పుస్తకంలో గబగబా రాసేశాను: కుర్చీ, యథాతథం. చూడకుండా రాసిన మాట నా ఉద్యోగంలో అదొక్కటే. సెట్టు ఆ సాయంత్రమే పీకేశారు. ఎడిటింగులో బయటపడేసరికి చేసేదేమీ లేదు, డైరెక్టరుగారు ఆ ముక్క నాలుగుసార్లు తిప్పి తిప్పి చూసి, నా మొహం చూసి, "ఇక్కడ సంగీతం తీసెయ్యండి" అన్నారు, అంతే. నన్నేమీ అనలేదు. అనకపోవడం ఎంత భయమో అనుభవించినవాళ్ళకే తెలుసు.

ఇదిగో. ఉత్తరం విప్పింది. మూలన కుర్చీ, గోడవైపు. నేను తెర చూడటం మానేసి ఈయన్ని చూస్తున్నాను, ముప్ఫై రెండేళ్ళుగా ఇక్కడ ఈయన్నే చూస్తాను, దొంగ ఎక్కడ దొరుకుతాడంటే దొంగిలించిన చోట. ప్రతిసారీ కుర్చీ తిరగ్గానే ఈయన కుడికంటి కింద చిన్నగా అదురుతుంది, పెదవి బిగుస్తుంది, నాకది తెలుసు. వేళ్ళు, ఉత్తరం. మళ్ళీ గది. ముందు వరసలో ఎవరో కెవ్వుమన్నారు, యాభైమందీ ఒక్కసారి ఊపిరి లోపలికి లాక్కున్నారు, ఆ జుట్టు భుజాన వేసుకున్న అమ్మాయి పక్కపిల్ల ఒళ్ళో పడింది. ఈయన కన్ను అదరలేదు. పెదవి కదల్లేదు. తెరమధ్య ఉత్తరం చదివే ఆమె మొహాన్ని ప్రశాంతంగా చూస్తున్నారు. అరుపు విన్నాక, అప్పుడు, తల కుడివైపుకి మొత్తంగా తిప్పి, టార్చిలైటు వేసి వెతికేవాడిలా తెర చివరిదాకా వెతుక్కుంటూ వెళ్ళారు. అప్పటికి షాట్ అయిపోయింది.

నా చెయ్యి ఎందుకు లేచిందో తెలీదు. ఆయన చెవి పక్కగా పెట్టి వేళ్ళు ఆడించాను. రెప్ప పడలేదు. ఇంకొంచెం ముందుకి, కణత దగ్గరికి. లేదు. కంటి చివరికి తెచ్చాక కూడా లేదు. నా చెయ్యి అక్కడ లేనట్టే ఉన్నారు. ఒక్కసారిగా నా పుస్తకంలో పేజీలన్నీ ఇటు తిరిగాయి. పక్కనున్న పీట కాలికి తగులుతుంది. పక్కనున్న కప్పు చేతికి తగిలి ఒలుకుతుంది. పక్కనుంచి వచ్చే బండి కనపడనివాడు స్కూటరు ఉంచుకుని ఏం చేస్తాడు. కుట్టుమిషనావిడ పక్కనుంచి వెళ్ళింది. నేను పక్కన నిలబడ్డాను. కళ్ళాసుపత్రిలో చుక్కలేస్తే నల్లద్దాలు పెట్టి పంపిస్తారు, ఆ మూత చుక్కలమందుది. సంతకాల బల్ల అంచున పెట్టిన కలం దొర్లి ఆయన కాళ్ళ దగ్గరే పడుంటుంది. అన్నీ నేనే చూశాను, వేళలతో సహా రాసిపెట్టాను, చూడాల్సిన మనిషిని మాత్రం చూడలేదు. నాకు ఏడుపొచ్చింది. భయం పోయినచోట ఇంత బరువైనదొకటి వచ్చి కూర్చుంటుందని ఏ సినిమాలోనూ చూపించలేదు.

"కుర్చీ వచ్చేసిందా?" అన్నారు, నా చెవిలో.

"వచ్చింది."

"అదే, అందరూ అరిచారు."

"తిప్పిందెవరు?" అన్నాను.

దెయ్యం అంటారని చూశాను. "నేనే" అన్నారు. "భోజనాలప్పుడు. అందరూ బయటికెళ్ళారు, నువ్వొక్కదానివే కూర్చుని రాసుకుంటున్నావు. కుర్చీ నీవైపు తిప్పుకుని కూర్చుని నిన్నే చూశాను. పిలుపొచ్చేసరికి లేచి పరిగెత్తా. మళ్ళీ తిప్పడం మర్చిపోయా."

"మరి ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదు?"

"మొదట్లో ఉద్యోగం పోతుందని. తర్వాత, చెప్తే నీకు ఆ సినిమా అంటే భయం పోతుందని. ఏటా ఒకసారి ఇక్కడ నా వైపు ఎలా చూస్తావో నీకేం తెలుసు."

మిగిలిన గంట సినిమాలో ఏం జరిగిందో చెప్పమంటే చెప్పలేను, దెయ్యం మళ్ళీ వచ్చినట్టుంది, పిల్లలు మళ్ళీ నవ్వినట్టున్నారు. నేను ఆయన చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. దీపాలు వెలిగాయి, డైరెక్టరుగారి కూతురు గబగబా వచ్చింది, కళ్ళు మెరుస్తున్నాయి. "చెప్పండి ఆంటీ."

"పొరపాటే," అన్నాను. "నాది. చూడకుండా రాశాను. కానీ దాన్ని ముట్టుకోకండమ్మా. గీతలు ఎన్నయినా తుడుచుకోండి, కుర్చీ జోలికి మాత్రం వెళ్ళొద్దు."

ఆ పిల్ల నా వంకే చూసింది. "మరి తిప్పిందెవరు?"

"దెయ్యం," అన్నారు ఈయన.

జనం బయటికి కదిలారు. ఈయన లేచారు, చెయ్యి గాలిలో నా కోసం వెతుక్కుంటోంది, ఆర్నెల్లుగా చూస్తున్న వెతుకులాటే, ఇప్పుడే చూస్తున్నాను. పట్టుకున్నాను. వరస చివరికి వచ్చాక ఆగి, నేలవైపు చూస్తూ, మామూలుగా అన్నాను. "ఇక్కణ్ణుంచి మూడు మెట్లు. మూడోది కొంచెం ఎత్తు. ఎడమపక్క కడ్డీ ఉంది."

ఆయన వేళ్ళు బిగిశాయి. కదల్లేదు. "ఎప్పట్నుంచి తెలుసు?"

"కుర్చీ దగ్గర్నుంచి."

"ఎదురుగా ఉన్నది బాగానే కనిపిస్తోందే," అన్నారు, నన్ను ఓదారుస్తున్నట్టు. "చుట్టూ ఉన్నదే పోయింది. డాక్టరు చుక్కలిచ్చాడు. పోయింది రాదు, ఉన్నది నిలబడుతుందన్నాడు." ఒక మెట్టెక్కారు. "నీ కంటికి ఏదీ తప్పించుకోదు కదా, నువ్వే కనిపెట్టి అడుగుతావనుకున్నా. రోజూ చూశా. పిండిడబ్బా వెనక పుస్తకంలో రాసుకోవడమే గానీ ఒక్కనాడూ అడగలేదు."

రెండో మెట్టు. మూడోది ఎత్తు, చెప్పాను, ఎక్కారు. గుమ్మం దగ్గర సంతకాల బల్ల కింద కలం పడి ఉంది, వంగి తీసి జేబులో పెట్టాను. బయట ఎండ. రోడ్డుకి ఆయన వైపు నేను మారాను, బళ్ళొచ్చే వైపు. ఇంటికెళ్ళగానే చెల్లెలికి ఫోన్ చేసి రావట్లేదని చెప్పాలి, ఆ పుస్తకం పొయ్యిలో పెట్టాలి, కాదు, ఉంచాలి, ఏ వస్తువు ఎక్కడ ఉండాలో అందులోనే రాయాలి, పీట, కప్పు, చెప్పులు, రాసినచోటే ఉండేలా చూడాలి. ఇవన్నీ తర్వాత. అన్నిటికన్నా ముందు, తాళం నేనే తీసి, ఆయనకంటే ముందు గదిలోకి వెళ్ళి, మంచం పక్కన సగం బయటికున్న ఆ బ్యాగు తీసెయ్యాలి, లేకపోతే ఆయన కాలికి తగులుతుంది.